కుళాయి ఆగిన రోజుల గురించి మేనకోడలికి

చి.ల.సౌ. మేనకోడలికి మీ మేనత్త ఆశీస్సులు.

పర్లాకిమిడిలో మీ వీధికి మూడు రోజులుగా కుళాయి రావడం లేదనీ, వాన వెలిసినా మరుగుదొడ్డిలో నీళ్లు దిగడం లేదనీ నువ్వు రాసినది చదివాక నాకు 2013 అక్టోబరు గుర్తుకు వచ్చింది. ఆ నెల 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తరువాత, బరంపురంలో మా ఇంట్లో కరెంటూ కుళాయీ లేని రోజుల్లో తాగే నీటి కోసం పడిన తాపత్రయంలో సగమైనా దొడ్డి గురించి పడలేదు. ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నాకనే నా పొరపాటు నాకు తెలిసింది.

ఉన్న నీటినంతా ఒకే డ్రమ్ములో ఉంచవద్దు. తాగడానికీ వంటకూ మూత ఉన్న బిందెలు, చేతులకు ఒక బకెట్టు, బట్టలు ఉతికిన నీళ్లు పట్టిన గాబు దొడ్డికి, ఇలా దేనికది వేరుగా ఉండాలి. నీళ్లు ఎంత తక్కువైనా చేతుల వాటాను మాత్రం తగ్గించకు. సీసా మూతకు చిన్న చిల్లు పెట్టి, ఆ సన్నటి ధార కింద సబ్బుతో రుద్దుకుంటే గ్లాసెడు నీళ్లు సరిపోతాయి. పసివాడి మలం వల్లా రోగాలు వస్తాయి కనుక వాడిని కడిగిన ప్రతిసారీ నీ చేతులూ కడుక్కో.

దొడ్డిలో నీళ్లు దిగేటప్పుడైతే అర బకెట్టు ఒక్కసారిగా కుమ్మరిస్తే చాలు. మీ ఇంట్లో బుడబుడమంటూ పైకి వస్తున్నాయంటే సెప్టిక్ ట్యాంకు చుట్టూ నేల నానిపోయి, లోపలి నీటికి దారి లేదన్నమాట. ఇప్పుడు ఎంత పోస్తే అంత మురుగు ఇంట్లోకి వస్తుంది. ఇసుక నింపిన సంచులను పాన్ మీదా, స్నానాలగది తూము మీదా పెట్టి ఆ దొడ్డిని వాడటం మానేయండి. ట్యాంకును వెంటనే ఖాళీ చేయించాలని అల్లుడుగారు తొందరపడుతున్నారని రాశావు. నేల నిండా నీరుండగా ఖాళీ చేస్తే ట్యాంకు పైకి తేలవచ్చు, గోడలు పగలవచ్చు, కాబట్టి నేల ఆరేదాకా ఆగమని చెప్పు. ఆ తరువాతైనా తోడే బండినే పిలిపించండి, మనిషిని లోపలికి దించనివ్వకండి. అందులోని వాయువులు క్షణాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ సామగ్రి లేకుండా అలా దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

అంతవరకు మూత ఉన్న బకెట్టులో మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, వెళ్లిన ప్రతిసారీ రెండు గుప్పిళ్ల పొడి బూడిద గానీ ఊక గానీ చల్లాలి. మూత్రానికి వేరే బకెట్టు పెడితే వాసన చాలా తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారి కోసం పాత కుర్చీకి మధ్యలో కోయించి, కింద ఆ బకెట్టు పెట్టించు; ఆమె సిగ్గుపడి నీళ్లు తాగడం తగ్గించుకుంటే మరో జబ్బు వస్తుంది, అందుకే ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. పెరట్లో బావికి కనీసం 50 అడుగుల దూరంలో, నీరు ఊరని చోట గొయ్యి తవ్వించి, సంచిలోది అందులో వేసి మట్టి దట్టంగా కప్పించాలి. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోయవద్దు, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

కుళాయి తిరిగి వచ్చిన రోజున ఆత్రంగా బిందెలు నింపుకోకు. ఖాళీగా ఉన్న గొట్టాలు పగుళ్ల గుండా పక్క కాలువలోని మురుగును లోపలికి పీల్చుకుని ఉంటాయి కాబట్టి, మొదట వచ్చే నీటిని దొడ్డి గాబులోకి పట్టి, తాగే నీటిని మరికొన్ని రోజులపాటు తెర్లేదాకా కాచి, మూత పెట్టి చల్లార్చి ఇవ్వు.