సంవత్సరంలోనా, సంవత్సరపునా?

సందేహం: అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర ఎన్నికల చట్టంలో ఒక నిబంధనను ఇలా తెలుగు చేశాను: ‘ఆ స్థానానికి సాధారణ ఎన్నిక జరిగే సంవత్సరంలో మే నెల రెండో మంగళవారానికి ముందు ఏర్పడిన ఖాళీని వీలైనంత త్వరగా ప్రత్యేక ఎన్నిక ద్వారా భర్తీ చేయాలి.’ దిద్దినవారు ‘సంవత్సరంలో’ కొట్టేసి ‘సంవత్సరపు’ అని రాశారు. రెండూ ఒకటే కదా? ‘ఎన్నికలు నిర్వహించాలని కోర్టు గవర్నర్‌కు ఆదేశించింది’ అన్న వాక్యంలోనూ రెండు చోట్ల గీతలు పెట్టారు. అవి తప్పులేనా?

సమాధానం: ఒకటి కావు. సరిగ్గా ఈ తేడా మీదే 2018లో ఆ రాష్ట్రంలో ఒక గవర్నరు కోర్టులో ఓడిపోయారు.

సంగతి ఇదీ. 2017 డిసెంబరు 29న ఇద్దరు శాసనసభ్యులు రాజీనామా చేసి గవర్నర్ స్కాట్ వాకర్ ప్రభుత్వంలోనే ఉద్యోగాల్లో చేరారు. దాంతో ఎగువ సభలో ఒకటో నియోజకవర్గం, దిగువ సభలో 42వ నియోజకవర్గం ఖాళీ అయ్యాయి. ఆ రెంటికీ మామూలు ఎన్నిక 2018 నవంబరులో ఉంది. అప్పటిదాకా ఆగుదామని గవర్నరు ఊరుకున్నారు. అంటే 2019 జనవరి వరకు, ఏడాదికి పైగా, అక్కడి ఓటర్లకు సభలో మనిషి లేనట్టే. ఓటర్లు కోర్టుకెక్కారు.

గవర్నరు తరఫు వాదన మీ ‘సంవత్సరంలో’యే. సాధారణ ఎన్నిక జరిగే సంవత్సరం 2018. ఖాళీ ఆ సంవత్సరంలో ఏర్పడాలి. ఇది 2017లో ఏర్పడింది. కనుక నిబంధన వర్తించదు. ఓటర్ల వాదన ‘సంవత్సరపు’. సంవత్సరం గుర్తు పెడుతున్నది గడువు తేదీనే, ఖాళీ పుట్టిన రోజును కాదు. 2018 మే రెండో మంగళవారం అంటే మే 8. దానికి ముందు ఎప్పుడు ఖాళీ అయినా భర్తీ చేయాల్సిందే.

ఇంగ్లీషు మూలంలో ‘సంవత్సరంలో’ అనే పదబంధం తేదీ తర్వాత తోకలా వస్తుంది. ఆ తోక తేదీదా, ఖాళీదా అన్న అనుమానానికి అక్కడ చోటుంది. తెలుగులో విశేషణం ముందే వస్తుంది కాబట్టి అనువాదకుడు ఎటో ఒక వైపు తేల్చుకోక తప్పదు. ‘లో’ చేర్చామా, ఆ మాట క్రియ కోసం వెదుక్కుంటూ పోతుంది. మీ వాక్యంలో దానికి దొరికేది ‘ఏర్పడిన’. ‘సంవత్సరపు’ అంటే పక్కనున్న ‘మే నెల’ను పట్టుకుని అక్కడే ఆగుతుంది. మధ్యలో కామా పెట్టినా ‘లో’ బుద్ధి మారదు. మీకు తెలియకుండానే మీరు ఓడిన పక్షం వకాల్తా పుచ్చుకున్నారు!

అర్థం వైపు నుంచి చూసినా ‘లో’ నిలవదు. 2018 జనవరి 2న ఖాళీ అయితే వెంటనే ఎన్నిక పెట్టాలట, నాలుగు రోజుల ముందు ఖాళీ అయితే, ఇంకా ఎక్కువ కాలం ఖాళీగా ఉండబోతున్నా, అక్కర్లేదట. జడ్జి జోసాన్ రేనాల్డ్స్ మార్చి 22న ఓటర్ల పక్షానే చెప్పారు. ఆమెను ఆ పదవిలో నియమించింది వాకరే. వారంలోగా ఎన్నికకు ఉత్తర్వు ఇవ్వాలన్నారు. ఈలోగా చట్టాన్నే మార్చేద్దామని శాసనసభలో గవర్నరు పార్టీవారు కదిలారు. గడువు పొడిగించమని అడిగితే 27న మరో జడ్జి, 28న అప్పీలు కోర్టు కాదన్నారు. 29న వాకర్ ఉత్తర్వు ఇచ్చారు, జూన్ 12న ఎన్నిక జరిగింది. ఎగువ సభ స్థానం వాకర్ పార్టీ చేజారింది, దిగువ సభ స్థానం నిలిచింది.

ఇక గీతలు. ‘ఆదేశించు’ సకర్మకం, కర్మకు ద్వితీయ కావాలి: గవర్నర్‌ను ఆదేశించింది. ‘కు’ రావాలంటే నామవాచకంగా మార్చండి: గవర్నర్‌కు ఆదేశం ఇచ్చింది. ‘చెప్పు’కు అలవాటైన ‘కు’ను ‘ఆదేశించు’కు తగిలించడం పత్రికల్లో తరచు కనబడే పొరపాటు.

‘నిర్వహించాలని’ పూర్తిగా తప్పనను గాని, ఇక్కడ వదులు మాట. ఎన్నిక నిర్వహించేది స్థానిక ఎన్నికల అధికారులు. గవర్నరు చేసేది ఎన్నికకు ఉత్తర్వు ఇవ్వడం. మనకు జరుగు, జరుపు, జరిపించు అని మూడు మెట్లున్నాయి: ఎన్నిక జరుగుతుంది, అధికారులు జరుపుతారు, గవర్నరు జరిపిస్తారు. ఇంత చక్కని ప్రేరణార్థకం చేతిలో ఉండగా ‘నిర్వహించు’ ఎందుకు?

దిద్దినవారు గీత పెట్టనిది ఇంకొకటి ఉంది, ‘ప్రత్యేక ఎన్నిక’. అది ముక్కకు ముక్క అనువాదం. మధ్యలో ఖాళీ అయిన స్థానానికి జరిగేదాన్ని మనం ఉప ఎన్నిక అంటాం. ‘మధ్యంతరం’ మాత్రం వద్దు. మనకది గడువుకు ముందే సభ రద్దయితే వచ్చేది, అమెరికాలో అధ్యక్షుడి పదవీకాలం నడుమ వచ్చేది.

చివర ‘భర్తీ చేయాలి’ని మాత్రం కదిలించకండి. కోర్టు గవర్నర్‌పై ఇచ్చింది మాండమస్. దానికి మన పాఠ్యపుస్తకాలు వాడే మాట పరమాదేశం. చట్టం విధిగా చేయమన్న పనిని అధికారి చేయనప్పుడే కోర్టు దాన్ని ఇస్తుంది. అక్కడ ‘భర్తీ చేయవచ్చు’ అని ఉంటే ఈ కేసు నిలవడం కష్టం. ‘గవర్నర్ మెడలు వంచిన కోర్టు’ అని శీర్షిక పెట్టడం సరదాగానే ఉంటుంది గాని, మెడ వంచింది ఆ ‘-ఆలి’ ప్రత్యయం.

తెలుగు పాఠకుల కోసమైతే గవర్నరంటే అక్కడ ఓట్లతో గెలిచిన పాలకుడని ఒక ముక్క చేర్చండి. మన దగ్గర ఉప ఎన్నిక ప్రకటించేది ఎన్నికల సంఘం. గవర్నరుకు అందులో పాత్ర లేదు. ‘వీలైనంత త్వరగా’ లాంటి జారుడు మాటా లేదు: 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు, మిగిలిన పదవీకాలం ఏడాదిలోపు అయితే మినహాయింపు. అదే 2018లో ఆంధ్రప్రదేశ్ నుంచి అయిదుగురు లోక్‌సభ సభ్యుల రాజీనామాలు జూన్‌లో ఆమోదం పొందినా ఉప ఎన్నికలు రాకపోవడానికి కారణం ఆ మినహాయింపే.

మీ వాక్యం ఇలా ఉంటే సరి: ‘ఆ స్థానానికి సాధారణ ఎన్నిక జరిగే సంవత్సరపు మే నెల రెండో మంగళవారానికి ముందు ఏర్పడిన ఏ ఖాళీనైనా వీలైనంత త్వరగా ఉప ఎన్నిక ద్వారా భర్తీ చేయాలి.’ ‘ఏ ఖాళీనైనా’ అన్నది నేను చేర్చలేదు, మూలంలోనే ఉంది. మీ అనువాదంలో జారిపోయింది.