పొలమారని గుటక, 13 వారాల కాంట్రాక్టు

సందేహం: అక్కా, మాది కడప. మైసూరులో స్పీచ్ థెరపీలో మాస్టర్స్ చేశాను. పెళ్ళయి హెచ్‌4 వీసా (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడేది) మీద డాలస్ వచ్చి రెండేళ్ళయింది. పని అనుమతి వచ్చింది, ఈ వృత్తికి అమెరికాలో రాయాల్సిన ప్రాక్సిస్ పరీక్ష ప్యాసయ్యాను. ఊరూరా ఆసుపత్రుల్లో మూడేసి నెలలు పనిచేసే ట్రావెల్ ఉద్యోగాల్లో జీతం ఎక్కువని ఏజెన్సీల వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారు. నేరుగా అందులో చేరవచ్చా?

జవాబు: నువ్వు కడప అమ్మాయివి, నేను కర్నూలు దాన్ని. మన ఇద్దరి నడుమ కుందేరు, పెన్నా తప్ప వేరే అడ్డం లేదు కాబట్టి చనువుగా నువ్వనే రాస్తాను. ఇప్పుడే చేరవద్దు. ఒక ఏడాది, వీలైతే రెండేళ్ళు ఒకే ఆసుపత్రిలో కాలు నిలిపి పనిచేసి, ఆ తర్వాత పెట్టె సర్దుకో. అయిదేళ్ళు ఆ పెట్టె మోసినదాన్ని కాబట్టి ఎందుకో చెబుతాను.

నీ ఉత్తరం అందేనాటికి నేను సెలవు మీద కర్నూలులోనే ఉన్నాను. మా వీధిలో ఇప్పటికీ నన్ను మాటల డాక్టరమ్మ అంటారు. మాటలు రాని పిల్లలకు మాటలు నేర్పడమే మన పని అని వాళ్ళ లెక్క. పక్కింటి పెద్దాయనకు పక్షవాతం వచ్చి, పెద్దాసుపత్రిలో పది రోజులు ఉండి ఇంటికి వచ్చాడు. వాళ్ళ కోడలు గోడ దగ్గర నిలబడి నాతో, "మామయ్య పొలమారకుండా జావ తాగుతున్నారు వదినా, ఇంకేం భయం లేదు కదా" అంది. ఆ ఒక్క మాటలో మన వృత్తి అంతా ఉంది.

మన ఇళ్ళలో పొలమారితే నెత్తి మీద తట్టి, ఎవరో తలచుకుంటున్నారని అంటారు. నిజానికి పొలమారడం కాపలాదారు కేక. నీళ్ళు దారి తప్పి శ్వాసనాళం వైపు వెళ్తుంటే ఒళ్ళు వేసే కేక అది. పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరికి ఆ కాపలాదారే నిద్రపోతాడు. గుటక గుటకకూ కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారుతూనే ఉంటుంది, దగ్గు మాత్రం రాదు. నాలుగు రోజులకు జ్వరం, ఆ తర్వాత నిమ్ము. అమెరికా ఆసుపత్రుల్లో నీకు వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం ఇందుకే: ఈయన నోటితో తినవచ్చా, తింటే ఏది, ఎంత చిక్కగా? మాట పోయినవాళ్ళు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టినవాళ్ళు కూడా ఉంటారు కానీ పొద్దంతా మింగుడు పనే. బడిలో పిల్లలతో పనిచేసిన అనుభవం అక్కడ పెద్దగా అక్కరకు రాదు.

ట్రావెలర్‌ను ఆసుపత్రి ఊరికే పిలవదు. వాళ్ళ థెరపిస్టు పురిటి సెలవు మీద వెళ్ళి ఉంటుంది, లేదా ఉన్న ఒక్కరూ మానేసి ఉంటారు. అంటే నువ్వు వెళ్ళేసరికి అడగడానికి మనిషి ఉండడు. ఒక పూట గదులు, మెట్లు చూపిస్తారు. చార్టు చూసే కంప్యూటర్ పాస్‌వర్డు మధ్యాహ్నానికి గానీ రాదు. నాకు ఒకచోట మొదటి రోజు రెండు గంటలకే జాబితాలో ఏడుగురు రోగులు ఉన్నారు.

ఆ ఊళ్ళోనే, నాలుగో రోజు, శుక్రవారం. డెబ్బై దాటిన పశువుల కాపరి, ఎడమ వైపు పడిపోయింది. మంచం తల వైపు ఎత్తి కూర్చోబెట్టి, నోరు శుభ్రం చేసి, చెంచాతో మొదలుపెట్టి, చివరకు మూడు ఔన్సుల నీళ్ళు, అంటే సుమారు 90 మిల్లీలీటర్లు, ఆపకుండా తాగమన్నాను. గడగడా తాగేశాడు. దగ్గలేదు. నర్సు అప్పటికే భోజనం తెప్పించడానికి ఫోను ఎత్తింది. "ఆ" అనమన్నాను. అన్నాడు. ఆ గొంతులో ఏదో బుడగ ఆడుతున్నట్టు, కుండలో నీళ్ళు కదిలినట్టు తడి చప్పుడు వచ్చింది. మళ్ళీ అనమన్నాను, మళ్ళీ అదే. ఎక్స్‌రేలో కనబడే బేరియం ద్రవాన్ని మింగించి చూస్తే తేలిపోతుంది. ఆ ఆసుపత్రిలో ఆ పరీక్ష మంగళ, గురువారాలే చేస్తారట. అప్పటిదాకా ఏం పెట్టాలో నేనే చెప్పాలి.

డాక్టరు నన్ను అంతకుముందు చూడలేదు. కూతురేమో, "నాన్న ఆకలంటున్నారు, నీళ్ళు బాగానే తాగారు కదా" అని నిలదీసింది. నర్సు నా పేరు మరిచిపోయి, "ట్రావెలర్ వద్దంటోంది" అని ఫోనులో ఎవరికో చెబుతోంది. నోటితో ఆహారం ఇప్పుడు వద్దు, ముక్కు గొట్టం ద్వారా ఇవ్వండి, నోరు కడిగాక మాత్రం గంటకు రెండు మంచు ముక్కలు ఇవ్వండి అని రాసి సంతకం పెట్టాను. ఆ శని, ఆదివారాలు నాకు నిద్ర లేదు. మంగళవారం ఎక్స్‌రే తెర మీద నల్లని గీత స్వరపేటిక దాటి కిందికి జారడం అందరం చూశాం. ఆయన కనురెప్ప కూడా కదపలేదు. చుబుకం దించి మింగిస్తే, కొంచెం చిక్కటి ద్రవం క్షేమంగా దిగింది. ఆ రోజు నుంచి ఆ కూతురు నన్ను పేరుతో పిలిచింది.

ఆ శుక్రవారం నిలబడగలిగానంటే, అంతకుముందు రెండేళ్ళు ఒక సీనియర్ థెరపిస్టు పక్కన అలాంటి గొంతులు వందల సార్లు విన్నందువల్లే. నీ ఉత్తరంలో ఫెలోషిప్ సంగతి లేదు. పరీక్షలో 162 దాటడం ఒక మెట్టు. దాని తర్వాత అనుభవజ్ఞురాలి పర్యవేక్షణలో కనీసం 36 వారాలు, 1260 గంటలు పనిచేస్తేనే ఆషా (అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘం) ధ్రువపత్రం చేతికి వస్తుంది. అదీ ట్రావెల్‌లోనే చేయించేస్తామని కొందరు రిక్రూటర్లు తీయగా చెబుతారు. ఆ గురువు నీ పక్కన నిలబడి చూస్తుందా, రెండు రాష్ట్రాల అవతల నుంచి ఫోనులో పలకరిస్తుందా అని అడుగు. జవాబు నసిగితే అక్కడితో వదిలెయ్యి. ఇంకా ఇండియాలో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే వాళ్ళకు ఒక మాట: ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియా వాళ్ళ ధ్రువపత్రాలతో ఆషాకు పరస్పర గుర్తింపు ఒప్పందం ఉంది, మనతో లేదు. కాబట్టి పట్టాను అక్కడి గుర్తింపు ఉన్న సంస్థతో మదింపు చేయించుకోవాలి. చదివేటప్పుడు చేసిన క్లినిక్ గంటల లెక్కను కాలేజీ ముద్రతో ముందే తెచ్చుకోండి. అమెరికా వెళ్ళాక ఆ కాగితం కోసం వేడుకోవడం నరకం.

వీసా విషయంలో నీది అదృష్టం. హెచ్‌4 వాళ్ళలో కొందరికి 2015 నుంచి ఇస్తున్న పని అనుమతి నిన్ను ఏ యజమానికీ కట్టేయదు. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం ట్రావెల్ మాట తలపెట్టకపోవడం మేలు. పనిచేసే చోటు వేరే నగర ప్రాంతానికి మారితే దరఖాస్తు సవరించాలి. 13 వారాలకోసారి ఆ తంతు ఎవరు చేస్తారు? గ్రీన్‌కార్డులోనూ మనకు దగ్గరి దారి లేదు. నర్సులు, ఫిజికల్ థెరపిస్టులు ఉన్న షెడ్యూల్ ఎ జాబితాలో, అంటే మనుషుల కొరత ఉందని ప్రభుత్వం ముందే ఒప్పుకున్న ఉద్యోగాల జాబితాలో, స్పీచ్ వాళ్ళు లేరు. అయితే విదేశీ వైద్యసిబ్బంది చదువును, అర్హతలను పరిశీలించి ఇచ్చే వీసాస్క్రీన్ ధ్రువపత్రం అడిగే జాబితాలో మాత్రం వాళ్ళతో పాటు మనల్నీ చేర్చారు. బరువు మోయడానికి బంధువులం, పంక్తిలో కాదు.

ఇక డబ్బు. రిక్రూటర్ చెప్పే వారం మొత్తం చూసి కళ్ళు తిరగనివ్వకు. అందులో గంటకింత అని పన్ను పడే జీతం ఒక పాలు, ఇంటి అద్దెకు, భోజనానికి ఇచ్చే పన్నులేని భత్యం ఇంకో పాలు. ఆ భత్యానికి పన్ను లేకపోవాలంటే నీకు వేరేచోట నిజమైన స్థిర నివాసం ఉండాలి, దానికీ ఖర్చు పెడుతూ ఉండాలి, ఒకేచోట పని ఏడాదికి మించకూడదు. మన వాళ్ళు కొందరు అక్కావాళ్ళ గరాజ్‌లో రెండు పెట్టెలు పడేసి, అదే నా ఇల్లు అంటారు. పన్నుల శాఖ ఆ పెట్టెలను ఇల్లనుకోదు. నీకు డాలస్‌లో అద్దె ఇల్లుంది, భర్త ఉన్నాడు, కాబట్టి ఈ చిక్కు లేదు. అయినా గంట జీతం మరీ కిందికి దించి భత్యం పెంచిన కాంట్రాక్టును అనుమానించు. రేపు ఇంటి రుణానికి వెళ్తే బ్యాంకు ఆ చిన్న జీతాన్నే చూస్తుంది.

నేను దెబ్బతిన్నది వేరేచోట. టెక్సస్ పడమటి కొసన ఒక ఆసుపత్రితో వారానికి 40 గంటలని ఒప్పుకుని వెళ్ళాను. మూడో వారానికి మంచాలు ఖాళీ అయ్యాయి. రోజూ పన్నెండింటికే, "ఇక ఇంటికి వెళ్ళవచ్చు" అనేవారు. పనిచేసిన గంటలకే డబ్బు. సామానుతో సహా తీసుకున్న గదికి మాత్రం మూడు నెలల అద్దె ముందే కట్టేశాను. కాంట్రాక్టు తీసి చూస్తే 40 అన్న అంకె ఉంది, దాని ముందు "సుమారు" అని ఉంది! ఏజెన్సీ పిల్లవాడు ఫోనులో ఎంతో బాధపడ్డాడు, పైసా మాత్రం రాలేదు. అందుకే నువ్వు సంతకం పెట్టేటప్పుడు, రోగులు తగ్గినా ఇన్ని గంటలకు డబ్బిస్తాం అనే వాక్యం ఉందో లేదో వెతుకు. ఎన్ని రోజుల నోటీసుతో నిన్ను తీసేయవచ్చో, పక్క ఊరి నర్సింగ్ హోమ్‌కు పంపే హక్కు వాళ్ళకుందో కూడా చదువు. లైసెన్సు చాలాచోట్ల ప్రతి రాష్ట్రానికి వేరు, వారాలు పడుతుంది, ఆ ఖర్చు ఎవరిదో అక్కడే తేల్చుకో.

తిండి పేర్ల దగ్గర నేను చాలా తడబడ్డాను. ఒక పెద్దావిడ బిస్కట్ కావాలంటే, టీలో ముంచుకునేదే కదా అని సరేనన్నాను. వచ్చింది పిడికెడు పొడి రొట్టె, పైన గ్రేవీ. నమలలేని మనిషికి అది ఉరితాడే. వెళ్ళిన ప్రతి ఊళ్ళో మొదటి వారమే ఆసుపత్రి వంటగదికి వెళ్ళి ఏది ఎలా ఉంటుందో కళ్ళారా చూడు. ఎప్పుడో ఒకప్పుడు మన తెలుగు అవ్వ ఒకరు అదే వార్డులో, ఆలుగడ్డ ముద్ద ముట్టుకోకుండా గోడవైపు తిరిగి పడుకుని కనిపిస్తుంది. అప్పుడు జావ అన్న మాట తెలిసింది నువ్వొక్కదానివే అవుతావు.

ఆ జావ సంగతి మొన్ననే తేల్చుకున్నాను. ద్రవాల చిక్కదనానికి ఇడ్సీ అనే అంతర్జాతీయ కొలత ఉంది, సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి చాలు. కింద వేలు అడ్డం పెట్టి 10 గీత దాకా నింపి, వేలు తీసి 10 సెకన్లు కారనిచ్చి ఎంత మిగిలిందో చూడాలి. 1 నుంచి 4 మిగిలితే ఒకటో స్థాయి, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు, ఏమీ కారకపోతే నాలుగు. మా అమ్మ పొయ్యి మీంచి దించిన రాగి జావ వేడిగా ఉన్నప్పుడు 5 మిగిలింది. అరగంట చల్లారాక అదే గిన్నెలోది 9 చూపించింది. "ఇంటికి వచ్చి నా జావకు సూదిమందు వేస్తున్నావా" అంది అమ్మ. సంగటి ముద్దను చెంచాలో వేసి వంచి చూశాను. మెత్తని ఆహారమైతే జారి పడాలి, ఇది చెంచాను పట్టుకుని వేలాడింది. మన సీమ మనిషి సంగటిని నమలకుండా పులుసులో అద్ది మింగుతాడని ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పక్కింటి కోడలికి అదే చూపించి, సంగటి ఆపమని, కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టమని, గొంతులో తడి చప్పుడు వింటే ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పాను. మర్నాడు పొద్దున్నే వచ్చి ఆ సిరంజి అడిగి తీసుకుంది.

నువ్వు పెట్టె సర్దే రోజు వచ్చినప్పుడు టీకాల కాగితాలు, క్షయ పరీక్ష రిపోర్టు, లైసెన్సుల నకళ్ళు ఒకే ఫైలులో పెట్టుకో. చిన్న టార్చి, స్టెతస్కోపు, నాలుగు సిరంజిలు నీవే ఉండాలి, అక్కడ ఎవరూ వెతికి ఇవ్వరు. రాగిపిండి డాలస్‌లోనే కొనుక్కుని వెళ్ళు.