ఐదు పెట్టల్ని ఇరవై చేయాలి, సంతలో కొని కలిపేయొచ్చా?

పెరట్లో ఐదు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి, సంతలో పది పన్నెండు పెట్టలు తెచ్చి కలిపేస్తే సరిపోతుందా, ముంగిస బెడదకు ఏ జాలీ కొట్టించాలి అని అడిగారు. జాలీ సంగతి చివర్లో చెప్తాను. ముంగిస జొరబడితే కొన్ని కోళ్ళు పోతాయి. జబ్బున్న సంత కోడి జొరబడితే గూడే ఖాళీ అవుతుంది.

అది ఎలా జరుగుతుందో చూడండి. ఎవరి ఇంట్లోనో ఒక కోడి కునికిపాట్లు పడుతుంది. మిగతావి చచ్చేలోపు నాలుగు డబ్బులు చేసుకుందామని ఆ ఇంటివాళ్ళు వాటిని గంపకెత్తి సంతకు తెస్తారు. ఇది చాలా చెడ్డ అలవాటు. నన్నడిగితే కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) ఊరూరా తిరిగేది ఎక్కువగా ఈ గంపల్లోనే. ఆ గంపలో బాగున్న పెట్టనే మీరు ఏరుకుంటారు. తురాయి ఎర్రగా ఉంటుంది, కళ్ళు మెరుస్తుంటాయి, గింజ వేస్తే ఎగబడి తింటుంది. ఇంటికొచ్చాక మూడు నాలుగు రోజులు ఏ తేడా కనపడదు. ఈ తెగులు బయటపడటానికి మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి పదిహేను రోజులు కూడా పడుతుంది. తర్వాత ఒక పొద్దున అది రెక్కలు వాల్చి మూల నిలబడుతుంది. మెడ సాచి, నోరు తెరిచి గాలి పీలుస్తుంది. రెట్ట ఆకుపచ్చగా నీళ్ళలా పడుతుంది. అప్పటికే మీ ఐదు పెట్టలూ దానితో ఒకే చిప్పలో నీళ్ళు తాగేశాయి. వారం తిరిగేసరికి అవీ అదే దారి పడతాయి. బతికి బట్టకట్టినవాటిలో కొన్ని మెడ మెలితిరిగి, ఆకాశం చూస్తూ గిరగిరా తిరుగుతుంటాయి. దీనికి మందు లేదు, టీకా ముందే పడి ఉండాలి. టీకా పడిన కోడి కూడా తాను జబ్బు పడకుండానే వైరస్‌ను మోసుకురాగలదు.

అందుకని ఎక్కడ కొన్నా, ఎవరిచ్చినా, కొత్త కోడిని 30 రోజులు విడిగా ఉంచాలి. వారం చాలనేవాళ్ళ మాట వినకండి. పైన చెప్పిన పదిహేను రోజుల లెక్క చూస్తేనే వారం ఎందుకు చాలదో తెలుస్తుంది. పక్కనే ఇంకో గంప కింద కమ్మేస్తే విడిగా ఉంచినట్టు కాదు. ఇంటికి ఆ చివర, గాలి ఇటు నుంచి అటు వీచే వైపు, కనీసం 30 అడుగుల దూరంలో పెట్టండి. చిప్పలు వేరు, చీపురు వేరు, ఆ దడిలోకి వెళ్ళే చెప్పులు కూడా వేరు. పొద్దున ముందు పాత కోళ్ళకు మేత వేసి, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్ళండి, వచ్చి సబ్బుతో చేతులు కడుక్కోండి. మొదటి రోజే రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. మొదటి వారంలోనే పశువుల ఆసుపత్రిలో బరువు చెప్పి నట్టల మందు తెచ్చి తాగించండి. ఆ తర్వాత వారానికి టీకా.

టీకాల దగ్గర ఎక్కువ మంది చేసే తప్పు వరుస మార్చడం. కోడిపిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా (కొక్కెర తెగులుకు వేసే మెత్తటి టీకా), కంట్లో ఒక చుక్క. నాలుగో వారంలో మళ్ళీ లసోటా. ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ (అదే తెగులుకు ఘాటైన టీకా), రెక్క దగ్గర చర్మం కిందికి అర మిల్లీలీటరు సూది. ముందు లసోటా పడని పిల్లలకు నేరుగా ఆర్‌టూబీ పొడిస్తే ఆ టీకాయే జబ్బు చేయొచ్చు. గుడ్లు పెడుతున్న పెట్టకు ఆర్‌టూబీ వేస్తే గుడ్లు తగ్గిపోతాయి, దానికి లసోటాయే మేలు. చుక్క వేసేటప్పుడు పిల్లను ఎడమ అరచేతిలో పట్టుకుని, తలను బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆనించి ఒక కన్ను పైకి తిప్పండి. చుక్క కంటి మీద బుడగలా నిలుస్తుంది. పిల్ల రెప్ప కొట్టి అది లోపలికి ఇంకేదాకా వదలకండి. ఆ రెండు సెకన్లు ఆగకపోతే తల విదిలిస్తుంది, చుక్క నేలపాలవుతుంది.

ఇరవై కోళ్ళవాళ్ళకు ఉన్న పెద్ద కష్టం సీసా. అది వంద కోళ్ళకు వస్తుంది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పెరటి కోళ్ళవాళ్ళను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒకే రోజు, పొద్దున గూళ్ళు తెరవకముందే వేయించుకోవాలి. సీసాను ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి. జేబులో వేసుకుని ఎండలో తెస్తే పనిచేయదు.

నా మాట వింటే అసలు సంత జోలికే వెళ్ళకండి. ఐదు పెట్టలకు ఒక పుంజు ఉందంటే గుడ్లు పొదగేయడానికి మంచివే. రెండు పెట్టలు దగ్గర దగ్గరగా పొదుగుకొస్తే ఒకే రాత్రి రెండింటి కిందా పది పన్నెండేసి గుడ్లు పెట్టండి. వారం దాటిన గుడ్డు వద్దు, ఎండాకాలంలో నాలుగైదు రోజులు దాటినా వద్దు. ఏడో రాత్రి టార్చి వెలుగులో చూస్తే మంచి గుడ్డులో సాలెపురుగులా ఎర్రటి నరాలు కనపడతాయి. ఖాళీగా వెలిగేవి తీసేయండి. 21 రోజులకు పిల్లలు దిగుతాయి. ఇరవై గుడ్లకు పదిహేను పిల్లలు దక్కినా సగం పుంజులే ఉంటాయి కాబట్టి ఇరవై పెట్టలకు కనీసం రెండు విడతలు పడుతుంది. పిల్ల గుడ్డుకు రావడానికి ఇంకో ఆర్నెల్లు. తొందర ఉంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాల ఒకరోజు పిల్లల్ని తెచ్చుకోండి. గుడ్లే కావాలంటే గ్రామప్రియ. వీధుల్లో గులాబీ, పచ్చ రంగులు పూసి అమ్మే పిల్లలు మాత్రం వద్దు. అవి ఎక్కువగా గుడ్ల ఫారాలకు పనికిరాని పుంజు పిల్లలు.

తల్లి లేని పిల్లలకు మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించండి. పిల్లకు రెండు వాట్ల లెక్కన ఇరవై పిల్లలకు 40 వాట్ల పాతరకం బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది గానీ వేడివ్వదు. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే వేడి. ఊక తడిస్తే వెంటనే మార్చండి. మూడో వారం నుంచి నెత్తురు రెట్ట పడిందంటే ఎక్కువసార్లు తడి ఊకే కారణం.

ఇక గూడు. కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన ఇరవైకి 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. ఆరు మూలల కన్నుల కోళ్ళ వల కోళ్ళను ఆపుతుంది గానీ కుక్కను ఆపదు, ముంగిస ఆ కన్నులోంచి కాలు పట్టి లాగేస్తుంది. అర అంగుళం కన్ను ఉన్న వెల్డెడ్ మెష్ వేయండి. దాన్ని నేలలోకి ఒక అడుగు దించి, ఇంకో అడుగు బయటివైపు వంచి మట్టి కప్పండి. ముంగిస గోడ మొదట్లోనే తవ్వుతుంది, జాలీ తగిలి ఆగిపోతుంది. గుడ్లు సాయంత్రానికల్లా తీసేయండి, నూకలు రాత్రి వదలకండి. నూకల కోసం ఎలుకలు, ఎలుకల కోసం పాములు వస్తాయి. గద్దకు, కాకికి పిల్లల దడి మీద పాత చేపల వల చాలు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటి వార్త వింటే కొనడం, ఇచ్చిపుచ్చుకోవడం ఆపేయండి. కోళ్ళు వరసగా చనిపోతే కాలవలో పారేయకుండా పశువుల డాక్టరుకు చెప్పండి.

నెల నిండాక కూడా కొత్తవాటిని నేరుగా వదలకండి. రెండు వారాలు మధ్యలో జాలీ ఉంచి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. తర్వాత చీకటి పడ్డాక, మూడు నాలుగింటిని కలిపి, నిద్రపోతున్న పాతవాటి పక్కన దండెం (గూట్లో కోళ్ళు రాత్రి కూర్చునే అడ్డకర్ర) మీద కూర్చోబెట్టండి. దండెం కోడికి 8 అంగుళాలు, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఎత్తు తేడా ఉంటే పై దండెం కోసం పొడుచుకుంటాయి. మర్నాడు మేత, నీళ్ళు మూడు చోట్ల పెట్టండి. ఏ కోడికైనా నెత్తురు కనపడితే ఆ క్షణమే తీసి విడిగా ఉంచండి. ఎరుపు చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.