ఓడ పని మానక్కర్లేదు, వాళ్ల అమ్మ దగ్గరికి మాత్రం రావాలి

ప్రశ్న: మాది మైదుకూరు. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, వయసు 64. అబ్బాయి అమెరికాలో శాన్ డియాగోలో ఉంటాడు, మా ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి. అత్తగారు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే ఎనిమిది నెలల కిందట నేనొక్కదాన్నే వచ్చేశాను. ఆయనేమో అక్కడ పాత ఓడ మ్యూజియంలో జీతం లేకుండా తుప్పు గీకే పనికి పోతున్నారు. ఎప్పుడొస్తారంటే ఓడ సముద్రంలోకి పోయే రోజు చూసుకొని వస్తానంటారు. ఆదివారం రాత్రి వచ్చే ఫోన్ కూడా తగ్గిపోయింది. బంధువులు నవ్వుతున్నారు, అబ్బాయికీ నామోషీగా ఉంది. ఈ పిచ్చి మాన్పించడం ఎలా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఓడ గురించే గానీ, నా మనసు పట్టుకున్నది అత్తగారి గురించి రాసిన ఆ ఒక్క మాట.

ముందు ఓడ సంగతి. శాన్ డియాగో మారిటైమ్ మ్యూజియంలో ఉన్న స్టార్ ఆఫ్ ఇండియా అనే తెరచాప ఓడ గురించే మీరు రాస్తున్నారనుకుంటా. 1863లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో ఇనుముతో కట్టారు, అప్పట్లో దాని పేరు యూటర్పీ. మొదటి ప్రయాణాలు కలకత్తాకే, 1865లో మద్రాసు దగ్గర తుఫానులో చిక్కుకొని తెరచాప కొయ్యలు నరికేసుకుంటే గానీ బయటపడలేదు. ఆ తర్వాత న్యూజిలాండ్‌కు వలసపోయే జనాన్ని మోస్తూ భూమిని 21 సార్లు చుట్టింది. 1927లో శాన్ డియాగో చేరి ఏళ్ల తరబడి అట్లే పడి ఉండి, బాగుచేశాక 1976లో మళ్లీ తెరచాపలెత్తింది. అంత పాత ఇనుము ఉప్పునీళ్లలో నిలవాలంటే తుప్పు గీకడం, రంగెయ్యడం, మోకులు మార్చడం ఎప్పుడూ జరుగుతూనే ఉండాలి, అందులో వలంటీర్ల చెయ్యి చాలా ఉంది, దాన్ని సముద్రంలో నడిపేదీ వాళ్లే. ఏళ్లకేళ్లు బస్సు కింద దూరి బోల్టులు బిగించిన మనిషి, కొడుకు ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్న మనిషి, అట్లాంటి చోటు దొరికితే వదులుతాడా? అది పిచ్చి కాదు. అబ్బాయికి కూడా ఈ మాట గట్టిగా చెప్పండి, నాన్న చేసే పనిలో నామోషీ పడాల్సింది ఏమీ లేదు. కడపోళ్లకు ఓడలెందుకని నవ్వేవాళ్లకు, మీ ఊరి పక్కన పారే కేసీ (కర్నూలు-కడప) కాలువను 1860లలో తవ్వినప్పుడు పడవలు నడపాలని కూడా అనుకున్నారని చెప్పండి.

ఇక రెండో సంగతి. కదల్లేని ఆమెను మీరొక్కరే ఎత్తి, దించి, స్నానం చేయించి, రాత్రిళ్లు మేలుకుంటున్నారు. ఆమె ఆయన కన్నతల్లి. అక్కడ డెక్కు కడిగే చేతులు ఇక్కడ అమ్మకు ఒక గ్లాసు నీళ్లివ్వడానికి రాకపోతే తప్పే. అది ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి, మీరే చెప్పండి. కానీ ఓడను తిడుతూ మొదలుపెడితే ఆయన ఓడ గురించే వాదిస్తారు, మీ మాట మధ్యలో మునిగిపోతుంది.

ఇంకో విషయం, ఇది అర్జెంటు. అమెరికా బయట వరసగా ఏడాది దాటితే గ్రీన్ కార్డుకు ఇబ్బంది. ఎక్కువకాలం బయటుండి తిరిగి రావడానికి తీసుకునే అనుమతి, రీఎంట్రీ పర్మిట్, అప్లై చేయాలంటే అమెరికాలో ఉండగానే చేయాలి, మీరు చేయకుండా వచ్చి ఉంటే మీకు మిగిలింది నాలుగు నెలలే. అబ్బాయిని వెంటనే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి. ఆ గడువు లోపల ఆయన ఇక్కడికి రావాలి, మీరు కొన్నాళ్లు అక్కడికి పోవాలి. ఓడ సముద్రంలోకి పోయేది ఆ లోపలే అయితే చూసుకొని రమ్మనండి, కాకపోతే మరోసారి పోయినప్పుడు చూడొచ్చు. ఆయన వచ్చాక మూడు రోజులు మీరు పక్కనుండి పని చూపించి, తర్వాత టికెట్ తీసుకోండి. అప్పటిదాకా పగటి పూటకైనా ఒక ఆయాను పెట్టుకోండి, జీతం ఆయన పెన్షన్‌లోంచే ఇవ్వండి.

వయసు 64 కాబట్టి బీపీ, షుగర్ చూపించుకున్నారా, తెరచాప కొయ్యలెక్కే పని పెట్టుకున్నారా, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగండి. కొయ్య ఎక్కకపోయినా కింద చేయడానికి బోలెడు పని ఉంటుంది.

ఫోన్ తగ్గిందని బాధపడ్డారు కదా, మీకు ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే వేసవిలో అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిది, సరిగ్గా ఆయన ఓడకు బయల్దేరే వేళ. శనివారానికి మార్చుకోండి. ఈ శనివారం వీడియోలో ముందు అత్తగారిని చూపించి, ఎప్పుడొస్తారో తేదీ అడగండి. తేదీ చెప్పాక, ఆ ఓడ ఎట్లుందో చూపించమనండి.