ఖరీదైన గడియారం కొనబోయే మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి శ్రీకాంత్‌కు, మేనమామ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మిర్యాలగూడ మిల్లు మీద మిగిలిన సొమ్ములోంచి చేతి ఊపుకు తానే చావి ఎక్కే స్విస్ ఆటోమేటిక్ గడియారం ఒకటి కొనుక్కోవాలని ఆశగా ఉన్నదని, అయితే నీ స్నేహితుడు లక్షలు పోసి కొన్నది రోజుకు అర నిమిషం ముందుకు పోతున్నదని, సర్వీసుకు ఇస్తే నెలల తరబడి తిరిగి రాలేదని విని మనసు వెనక్కి లాగుతున్నదని రాశావు. అంత డబ్బు పెట్టిన వస్తువుకు ఇన్ని తంటాలేమిటని అడిగావు. క్లాక్ టవర్ దగ్గర దుకాణం పెట్టుకొని జీవితమంతా ఈ పనే చేసినవాణ్ని కాబట్టి నాకు తోచింది చెబుతాను. కొనుక్కో అల్లుడా, నేను వద్దనను. కానీ ఏ గడియారం బాగుంటుందన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అది చెడిపోయిన రోజున దాన్ని ఎవరు విప్పుతారు, ఏ సామానుతో బాగుచేస్తారు అన్నది ముందు తేల్చుకో. దుకాణంలో అద్దాల కింద గడియారాలను చూస్తున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ గుర్తుకు రాదు.

ముందుగా, ఎంత తప్పును తప్పు అనాలో తెలియాలి. ఈ రోజుల్లో వచ్చే ఆటోమేటిక్ మెషిన్లలో ఎక్కువ భాగం గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు ఎనిమిది, రోజుకు దాదాపు ఏడు లక్షలు, ఏడాదికి పాతిక కోట్ల పైమాట. స్విట్జర్లాండులో గడియారాలను పరీక్షించి క్రోనోమీటరు అని పత్రమిచ్చే కోస్క్ సంస్థ సైతం రోజుకు నాలుగు సెకన్ల వెనుకబాటును, ఆరు సెకన్ల ముందంజను ఒప్పుకుంటుంది. రోలెక్స్ తన గడియారాలకు అటు రెండు, ఇటు రెండు సెకన్లు అని తానే హద్దు పెట్టుకున్నది. అదే వెయ్యి రూపాయల బ్యాటరీ గడియారంలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కాబట్టి, మామూలుగా నెల మొత్తానికి కలిపి పదిహేను ఇరవై సెకన్లకు మించి తేడా రాకుండా నడుస్తుంది. 1969 డిసెంబరులో సీకో మొదటి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని అమ్మకానికి పెట్టిన రోజునే టైము చూపే పందెంలో మెకానికల్ గడియారం ఓడిపోయింది. నువ్వు డబ్బు పోసేది ఆ పనితనానికి, ఆ పేరుకు, చేతికి వచ్చే అందానికి. రోజుకు అయిదు సెకన్లు పోతున్నదని సర్వీసు కేంద్రం మెట్లెక్కితే నీకు టైము వృథా, గడియారానికి ఉత్తపుణ్యాన విప్పుడు. అర నిమిషం మాత్రం నిజంగానే రోగం.

ఆ అర నిమిషం సంగతికి వస్తే, నీ స్నేహితుడు కూడా మిల్లులోనే ఉంటాడన్నావు కాబట్టి నా అనుమానం మొదట అయస్కాంతం మీదికే పోతున్నది. వడ్లలో కలిసిన ఇనుప ముక్కలను పట్టడానికి మీరు పెట్టే అయస్కాంతాలు, పెద్ద మోటార్లు, స్పీకర్లు, అయస్కాంతపు మూతలున్న ఫోను కవర్లు, ఇవన్నీ దానికి శత్రువులే. బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే హెయిర్ స్ప్రింగ్ తల వెంట్రుక కంటే సన్నగా చుట్లు చుట్లుగా ఉంటుంది. దానికి అయస్కాంతం పట్టితే ఒక చుట్టు మరో చుట్టుకు అతుక్కుంటుంది, ఊగే పొడవు తగ్గుతుంది, గడియారం పరుగు పెడుతుంది. నిన్నటిదాకా సరిగ్గా నడిచింది ఇవాళ ఒక్కసారిగా నిమిషాల లెక్కన ముందుకు పోతే మొదట ఇదే చూడాలి. దిక్సూచిని పక్కన పెట్టి గడియారాన్ని మెల్లగా దగ్గరికి జరిపితే, ముల్లు కదిలితే అదే సంగతి. అయస్కాంతం తీసే చిన్న పెట్టె ఏ మంచి రిపేరు దుకాణంలోనైనా ఉంటుంది, పని నిమిషాలది. ఈ మాట చెప్పకుండా పూర్తి సర్వీసు కావాలని బిల్లు రాసేవాళ్లు ఉంటారు, జాగ్రత్త. కొత్త గడియారాల్లో కొన్నింటికి సిలికాన్ హెయిర్ స్ప్రింగ్ వస్తున్నది, దాన్ని అయస్కాంతం అంటదు. ఒమేగా వాళ్లు 2015 నుంచి మాస్టర్ క్రోనోమీటర్ పేరిట 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా తట్టుకునేవి చేస్తున్నారు. మిల్లులో పొద్దంతా తిరిగేవాడికి అటువంటిదే మేలన్నది నా అభిప్రాయం, కాస్త ఖరీదైనా సరే.

ఇక చాలామందికి అర్థం కానిది నూనె సంగతి. గడియారం బాగా నడుస్తున్నప్పుడు విప్పించడం ఎందుకని అడుగుతారు. ఇరుసుల దగ్గర, అవి ఆనుకొని తిరిగే చిన్న రాళ్ల మీద పెట్టే నూనె చుక్క సూది మొన మీద నిలిచేంత. అది కాలక్రమేణా పక్కకు పాకుతుంది, చిక్కబడుతుంది, ఆరిపోతుంది. అప్పుడు కూడా గడియారం ఆగదు, టైము కూడా దాదాపు సరిగ్గానే చూపిస్తుంది, అదే మోసం. లోపల మాత్రం ఇరుసు పొడిగా తిరిగి అరిగిపోతూ, రాయి చుట్టూ తుప్పు రంగు పొడి చేరుతుంది. అటువంటి మెషిన్ తెరిచి ఐ గ్లాస్ పెట్టి చూస్తే ఎర్రటి సన్నటి ధూళి రాయి అంచున ఉంగరంలా కనబడుతుంది. ఆ స్థితికి వచ్చినదానికి శుభ్రం చేసి నూనె వేస్తే చాలదు, చక్రాన్నే మార్చాలి. అందుకే టైమ్‌గ్రాఫర్ అనే యంత్రం మీద పెట్టించి చూడాలి. అది టిక్కుల చప్పుడు విని, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతున్నదో చెబుతుంది. పూర్తిగా చావి ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్యలో ఉంటే ఆరోగ్యం. అదే 220, 200కు దిగజారుతుంటే టైము ఎంత చక్కగా ఉన్నా సర్వీసు దగ్గర పడినట్టే. ఈ పరీక్షకు గడియారాన్ని విప్పాల్సిన పనే లేదు. రెండేళ్లకొకసారి చేయించి, అంకెలు ఒక పుస్తకంలో రాసి పెట్టు.

రోలెక్స్ వాళ్లు పదేళ్లకు దగ్గరగా, ఒమేగా వాళ్లు అయిదు నుంచి ఎనిమిదేళ్లకు సర్వీసు చేయించమంటారు. మిల్లు ధూళిలో, మన ఎండలో తిరిగే నీ గడియారానికి పదేళ్లు ఎక్కువని నేనంటాను, ఏడు దాటనివ్వకు.

నీళ్ల గురించి కచ్చితంగా చెప్పాలి. డయల్ మీద 30 మీటర్లు అని రాసి ఉంటే దానర్థం ముప్పై మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు, కొత్తగా ఉన్నప్పుడు ప్రయోగశాలలో కదలని నీటి ఒత్తిడికి తట్టుకున్నదని మాత్రమే. చేతులు కడుక్కోవడానికి, వాన తుంపరకు అది చాలు, అంతకు మించి నమ్మకు. ఈదాలంటే వంద మీటర్లు రాసి ఉండాలి, క్రౌన్, అంటే చావి ఇచ్చే పక్క పిడి, మరమేకులాగా తిప్పి బిగించేది అయితే మరీ మంచిది. లోపల నీళ్లను ఆపేది సన్నటి రబ్బరు వాషరు, అది ఎండకు, చెమటకు, ఏళ్లకు గట్టిపడుతుంది. ఎండాకాలంలో పెనంలా కాగిన ముంజేతిని బోరు నీళ్ల కింద పెడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, సందు ఉన్న చోట తేమను లోపలికి లాగుతుంది. కనుక ఏటా ఒకసారి ఒత్తిడి పరీక్ష చేయించు. వాడపల్లిలో కృష్ణ స్నానానికి దిగేటప్పుడు తీసి అక్క చేతికివ్వు. అద్దం లోపల ఆవిరి కనిపించిందంటే మాత్రం రేపు చూద్దామనుకోకు, బియ్యంలో పెడితే ఆరిపోతుందన్న సలహాలు వినకు, అదే రోజు విప్పించు. సన్నటి ఉక్కు సామాను తుప్పు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

వాడకంలో చిన్నవి రెండు చెప్పి ముందుకు పోతాను. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీని క్రౌన్‌తో తిప్పకు, అప్పుడు తేదీ మార్చే పళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉంటాయి, విరుగుతాయి. ఆటోమేటిక్‌కు రోజూ చేతితో చావి ఇచ్చే అలవాటు పెట్టుకోకు. ఆగిపోయినప్పుడు ఇరవై ముప్పై చుట్లు తిప్పి చేతికి పెట్టుకుంటే మిగతాది నీ చెయ్యి ఊపే చూసుకుంటుంది. పాత తరం మెషిన్లు తీసి పక్కన పెడితే 38 గంటలకు ఆగుతాయి, అది రోగం కాదు.

ఇప్పుడు అసలు సంగతి, విడిభాగాలు. హెచ్ఎంటీ వాళ్లు సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో గడియారాల తయారీ మొదలుపెట్టిన తర్వాత, మా తరం రిపేరుదారులంతా ఆ మెషిన్ల మీదే చెయ్యి తిప్పాం. జనతా గడియారానికి బ్యాలెన్స్ పోయినా, మెయిన్ స్ప్రింగ్ తెగినా హైదరాబాదు నుంచి వచ్చే సామానుతో సాయంత్రానికల్లా నడిచేది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆ గడియారాల కంపెనీని మూసివేయాలని నిర్ణయించిన తర్వాత కూడా పాత మెషిన్లు విప్పి, ఒకదాని సామాను ఇంకొకదానికి వేసి నడిపించుకుంటున్నాం. స్విస్ గడియారాల దారి దీనికి పూర్తిగా వేరు. పెద్ద కంపెనీల్లో చాలావరకు అసలు విడిభాగాలను తమ అధీకృత కేంద్రాలకు తప్ప బయటివారికి ఇవ్వవు. ఐరోపాలోని స్వతంత్ర రిపేరుదారుల సమాఖ్య దీని మీద 2004లో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు చేసి ఏళ్ల తరబడి పోరాడింది, చివరికి 2017లో అక్కడి న్యాయస్థానం కూడా కంపెనీల వైపే తీర్పు చెప్పింది. అక్కడివాళ్లకే దొరకని సామాను నల్లగొండలో నాకు దొరుకుతుందా? చెయ్యి ఎంత నేర్పరిదైనా, అసలు చక్రం చేతిలో లేకపోతే పాతదో, పక్క కంపెనీదో సరిచేసి వేస్తాం. ఆ గడియారాన్ని తర్వాత కంపెనీ కేంద్రానికి తీసుకుపోతే, పరాయి సామాను ఉన్నదని ముందు దాన్ని తీసివేయించమంటారు.

కాబట్టి అడ్వాన్సు కట్టేముందు దుకాణంలో ఈ విషయాలు అడుగు. గడియారాన్ని విప్పేది హైదరాబాదులోనా, ముంబయిలోనా, లేక స్విట్జర్లాండుకు పంపుతారా? మామూలు సర్వీసుకు ఎన్ని వారాలు పడుతుంది, ఈనాటి రేటు ఎంత? ఈ మోడల్ ఆపేసిన తర్వాత ఎన్నేళ్ల దాకా సామాను ఉంచుతారు? సర్వీసు చేసిన తర్వాత ఎంతకాలం గ్యారంటీ? రోలెక్స్, ఒమేగా రెండూ కొత్త గడియారానికి అయిదేళ్లు, సర్వీసుకు రెండేళ్లు గ్యారంటీ ఇస్తున్నాయి, దానితో పోల్చి చూడు. ఇరవై ఏళ్లు వాడాలనుకుంటే కనీసం రెండు మూడు సర్వీసుల ఖర్చును కొనుగోలు ధరలోనే కలిపి లెక్క వేసుకో. ఆ మొత్తం చూసి కూడా కొనాలనిపిస్తేనే కొను.

మెషిన్ విషయంలో నా మాట సూటిగా చెబుతాను. మొదటిసారి కొనేవాడికి మూడు ముళ్లు, తేదీ ఉన్నది చాలు. స్టాప్‌వాచ్ బటన్లున్న క్రోనోగ్రాఫ్ చూడటానికి బాగుంటుంది, కానీ లోపల సామాను ఎక్కువ, సర్వీసు ఖర్చు బాగా పెరుగుతుంది, విప్పి బిగించగలిగేవాళ్లు తక్కువ. లీపు సంవత్సరాన్ని కూడా తానే లెక్కపెట్టే పర్పెచువల్ క్యాలెండర్ వైపు చూడనే చూడకు. ఇతర కంపెనీలకు మెషిన్లు చేసి అమ్మే ఈటీఏ, సెల్లిటా వంటి సంస్థల నుంచి వచ్చిన, పదిమంది వాడే మెషిన్ ఉన్న గడియారాన్ని చులకనగా చూసేవాళ్లు ఉన్నారు, సొంత మెషిన్ ఉన్నదే గొప్ప అంటారు. నా దృష్టిలో రేపు బాగుచేయగలిగేదే గొప్ప.

దుబాయ్ నుంచి తెలిసినవాళ్లు తక్కువకు తెస్తామంటే, తేదీతో సహా నింపిన గ్యారంటీ కార్డు, అసలు బిల్లు, కస్టమ్స్ కట్టిన రసీదు మూడూ లేకుండా ఒప్పుకోకు. ఇక్కడ పది లక్షలు దాటిన గడియారానికి 2025 ఏప్రిల్ 22 నుంచి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా పట్టుకొని కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు, పాన్ ఇచ్చి రిటర్నులో చూపించుకో.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు అప్పజెప్పి రావడం కాదు, రాయించుకొని రావాలి. కేసు, అద్దం, చైను అన్ని వైపులా ఫోటోలు తీసుకో, సీరియల్ నంబరు రసీదు మీద ఉండాలి, పాలిష్ చేయవద్దని నీ చేత్తో రాయి. పాలిష్ పట్టిన ప్రతిసారీ లోహం అరిగి అంచులు గుండ్రబడతాయి, దాని విలువ అక్కడే పోతుంది. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని అడుగు, ఇవ్వకపోతే కారణం అడుగు. తీసుకునేటప్పుడు టైమ్‌గ్రాఫర్ అంకెలు, ఒత్తిడి పరీక్ష ఫలితం కాగితం మీద కావాలని పట్టుబట్టు, కౌంటరు ముందే వెలుతురులో చూడు. మన బంధువు ఒకరు ఒక పేరున్న కేంద్రం నుంచి తెచ్చుకున్న గడియారాన్ని నాకు చూపిస్తే, ఏడో అంకె పక్కన అద్దం లోపల తెల్లటి పోగు ఒకటి పడి ఉన్నది, క్రౌన్ బిగిస్తుంటే సగం చుట్టు వట్టిగా తిరిగింది. వాళ్లు ఆయన్ను మళ్లీ రెండు నెలలు తిప్పుకున్నారు. అక్కడే చూసి ఉంటే కౌంటరు దాటేది కాదు. ఇంటికి తెచ్చాక పదిహేను రోజులు రోజూ ఒకే సమయానికి ఫోను టైముతో సరిచూసి రాసుకో, గ్యారంటీలో ఉండగానే అంకెలు చూపించి అడిగితే ఎవరూ కాదనలేరు.

నీ స్నేహితుడికి ముందు దిక్సూచి పరీక్ష చేయమని చెప్పు. నువ్వు హైదరాబాదు పోయి రేట్లు, సర్వీసు షరతులు రాయించుకొని వచ్చాక, డబ్బు కట్టేముందు ఆ కాగితాలు నాకు వాట్సప్‌లో పంపు, చూసి చెబుతాను. అక్కకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేనమామ