శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ బడుల కథేంటి, ఇప్పుడు వాటి లక్ష్యాలేంటి?

ఈ స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే నగరంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, 1851లో మొదలైంది. దాని చరిత్రను చైనీస్ పిల్లల రెండు కేసుల నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుందని నా అభిప్రాయం.

1884లో మేమీ టేప్ అనే ఎనిమిదేళ్ల పాపను చైనీస్ అమ్మాయి అన్న ఒక్క కారణంతో స్ప్రింగ్ వ్యాలీ స్కూల్లో చేర్చుకోలేదు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లి 1885లో గెలిచారు. అయినా డిస్ట్రిక్ట్ నిర్ణయాలు తీసుకునే స్కూల్ బోర్డు లొంగలేదు, చైనీస్ పిల్లలకు వేరే బడి తెరిచింది. తల్లి మేరీ టేప్ కోపంతో బోర్డుకు రాసిన ఉత్తరం నేటికీ ఉంది. చదివితే కడుపు తరుక్కుపోతుంది.

రెండోది 1974 నాటి లావ్ వర్సెస్ నికల్స్ కేసు. ఇంగ్లీషు రాని సుమారు 1,800 మంది చైనీస్ పిల్లలకు ఏ అదనపు సాయమూ లేదు. అర్థంకాని భాషలో పాఠం చెప్పి, అందరికీ ఒకే పుస్తకం ఇచ్చాం కదా అంటే అది సమానత్వం కాదని అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. ఈరోజు అమెరికా బడుల్లో ఇంగ్లీషు రాని పిల్లలకు, మన తెలుగు పిల్లలతో సహా, దొరికే సాయం వెనక ఈ తీర్పుంది.

ఇక లక్ష్యాలు. 2022లో బోర్డు పెట్టుకున్నవాటి ప్రకారం 2027కల్లా మూడో తరగతిలో చదవడం వచ్చినవాళ్లు 52 నుంచి 70 శాతానికి, ఎనిమిదో తరగతి లెక్కల్లో 42 నుంచి 65 శాతానికి చేరాలి. 2014లో ఎనిమిదో తరగతి నుంచి తీసేసిన ఆల్జీబ్రాను మళ్లీ తెమ్మని 2024లో ఓటర్లు గట్టిగా చెప్పారు.