ఎవరో ముస్తాబు చేసిన ఫోర్ బై ఫోర్ జోలికి పోకండి

"సెకండ్ హ్యాండ్‌లో ఒక ఫోర్ బై ఫోర్ కొని కొండదారులకీ అడవి బాటలకీ తయారు చేసుకుందామని ఉంది. వించ్, లిఫ్ట్ కిట్ అన్నీ బిగించి ఉన్న బండి కొంటే లాభమా, మామూలు బండి కొని ఒక్కొక్కటీ నేనే వేయించుకోవాలా?" అని అడిగారు. (ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ శక్తి అందే బండి, వించ్ అంటే ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు, లిఫ్ట్ కిట్ అంటే బండి ఎత్తు పెంచే సామాను.) మామూలు బండే కొనండి. అన్నీ బిగించి అమ్మకానికి పెట్టిన బండిని చూస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది.

నేను బండి కోసం వెతుకుతున్న రోజుల్లో అలాంటిదే ఒకటి చూడ్డానికి వెళ్లాను. ముందు ఇనుప బంపర్, దాని మీద వించ్, పక్కన స్నార్కెల్ (నీళ్లలో దిగినప్పుడు ఇంజన్‌కి పైనుంచి గాలి అందించే గొట్టం), పైన క్యారియర్, క్యారియర్ నిండా లైట్లు. పెళ్లికొడుకులా ఉంది. బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది. నేను రాకముందే అమ్మేవాడు స్టార్ట్ చేసి ఉంచాడన్నమాట. చల్లటి ఇంజన్ ఎలా అందుకుంటుందో, మొదట వచ్చే పొగ ఏ రంగులో ఉంటుందో కొనేవాడు చూడకూడదని కాకపోతే మరెందుకు? పట్టపగలు లైట్లన్నీ వరసగా వేసి చూపించాడు. నేను సీట్లో కూర్చుని లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) లివర్ లాగాను. కదల్లేదు. "అది పెద్దగా వాడలేదు సార్, కొంచెం టైట్‌గా ఉంటుంది" అన్నాడు. అంతకుముందే కొండలెక్కిన ఫోటోలు ఫోన్‌లో చూపించింది కూడా ఇతనే.

సరే అని కింద దూరాను. ఛాసిస్ మొత్తం కొత్త నల్ల పెయింట్, ఇంకా వాసన పోలేదు. స్క్రూడ్రైవర్ పిడితో ముందు నుంచి వెనక్కి తట్టుకుంటూ వచ్చాను. గట్టి ఇనుము ఖంగుమంటుంది. వెనక కమాను పట్టీలు బిగించే చోటికి వచ్చేసరికి ఆ మోత పోయి మెత్తగా 'డబ్' అంది. మొనతో కాస్త నొక్కితే పెయింట్ పెచ్చు లోపలికి పోయింది, దాని వెనకే తుప్పు పొరలు పొరలుగా నా కళ్లజోడు మీద రాలింది. బయటికొచ్చి చెబితే, "పైపై తుప్పే సార్, ఒక ముక్క వెల్డింగ్ వేస్తే అయిపోతుంది. వించ్ రేటు ఎంతో చూడండి ముందు" అన్నాడు. వించ్ లాగేటప్పుడు ఆ బలమంతా పడేది ఛాసిస్ మీదే కదా నాయనా అనుకుని దండం పెట్టి వచ్చేశాను.

తర్వాత కొన్నది ఒక్క లైటు కూడా అదనంగా లేని బండి. సీటు చిరిగింది, డోరుకి సొట్ట ఉంది, లో రేంజ్ మాత్రం రెండు వేళ్లతో పడింది. నాకు కావలసింది అదే. 1941 నాటి విల్లీస్ జీపు ఇంజన్ శక్తి 60 హార్స్‌పవర్ మాత్రమే. అది ఎక్కడికి పడితే అక్కడికి వెళ్లింది లో రేంజ్ గేర్ల వల్ల, తక్కువ బరువు వల్ల. ఎల్ఈడీ లైట్ల బార్ వల్ల కాదు. (ఆ బార్లు మామూలు రోడ్డు మీద వేసుకుని ఎదుటివాడి కళ్లలో కొట్టేవాళ్ల గురించి మొదలుపెడితే ఇది ఇప్పట్లో ముగియదు.)

చూసేటప్పుడు మట్టి నేల మీద ఫోర్ వీల్ వేయించండి. మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాలని వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లేని పార్ట్ టైమ్ బండిని, అంటే ఫోర్ వీల్ అవసరమైనప్పుడే వేసుకునే బండిని, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం పోవు, ఆ తేడా సర్దుకునే దారి లేక ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా నడిపితే ముందు నుంచి టక టక వచ్చిందా, జాయింట్లు అరిగినట్టే. డిఫరెన్షియల్ ఆయిల్ కొద్దిగా తీయించి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. నాలుగు టైర్లూ ఒకే సైజు ఉన్నాయో లేదో కూడా చూడండి, ఈ ఒక్కటీ ఎవరూ చూడరు.

కొన్నాక అందరూ చేసే పని బరువు పెంచడం. ఇనుప బంపరూ వించీ కలిపితే 70 కిలోలు సులువుగా దాటుతుంది, పైన వేసే టెంట్ ఇంకో 50 పైనే, 40 లీటర్ల నీళ్లంటే 40 కిలోలు. జిమ్నీ లాంటి చిన్న బండి మనుషులతో కలిపి మోయగలిగేదే 350 కిలోల అటూ ఇటూ. ఇద్దరు ఎక్కితే ఇంకేం మిగిలింది? పైగా ఆ టెంట్ బరువంతా నెత్తి మీద, పక్కకి వాలిన బాటలో దాని సంగతి తెలుస్తుంది.

ముందు డబ్బంతా బుష్షులు, బేరింగులు, బ్రేకులు, రేడియేటర్ పైపులకి పెట్టండి. ఆ తర్వాత మంచి టైర్లు, గాలి మీటరు, చిన్న కంప్రెసర్. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న టైరుని ఇసుకలో 18కి దించితే అది పొడవుగా పరుచుకుంటుంది, అప్పటిదాకా కూరుకుపోయిన బండి దానంతటదే పైకి వస్తుంది. తిరిగి రోడ్డెక్కే ముందు మాత్రం గాలి నింపి తీరాలి. లాగడానికి ఛాసిస్‌కి బిగించిన గట్టి హుక్కులు ముందూ వెనకా ఉండాలి. ట్రైలర్ తగిలించే బాల్‌కి మాత్రం తాడు ఎప్పుడూ కట్టకండి. అది విరిగితే తుపాకీ గుండే, దాని వల్ల మనుషులు పోయారు.

స్నార్కెల్ కావాలంటే పెట్టుకోండి, కానీ యాక్సిల్, గేర్ బాక్స్ బ్రీదర్ గొట్టాలు (వాటి లోపలికీ బయటికీ గాలి ఆడే గొట్టాలు) కూడా పైకి తీయించకపోతే అది అలంకారమే. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది.

లిఫ్ట్ కిట్ గురించి కూడా అడిగారు కదా. ముందు ఉన్న టైర్లతోనే కొన్నాళ్లు తిప్పండి, కింద ఎక్కడ రాసుకుంటుందో చూడండి. అక్కడ ఒక రక్షణ ప్లేటు వేస్తే సరిపోతుందేమో ఆలోచించండి. అప్పటికీ కావాలనిపిస్తే 2 అంగుళాలు చాలు. అంతకు మించితే గేర్ బాక్స్ నుంచి యాక్సిల్‌కి శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల కోణం మారుతుంది, స్టీరింగ్ రోడ్డు మీద తేలిపోతుంది, బ్రేకు పైపుల పొడవు చాలదు. ఒకదాని వెనక ఒకటి మార్చుకుంటూ పోవాలి, ఆ బిల్లు లిఫ్ట్ కిట్ అమ్మేవాడు చెప్పడు.